రొయ్యల చెరువుల మధ్య దయ్యాల దిబ్బ

ఒరేయ్ మావా,

ఫోన్లో చెప్తే మధ్యలో దూరి నవ్వుతావని ఉత్తరం రాస్తన్నా, టీ పెట్టుకుని కూర్చో. మొన్న ఆదివారం దయ్యాల దిబ్బకి పోయొచ్చా. అవున్రా అదే, ఏడో క్లాసులో పందెం కాసి, నన్ను ముందు నడవమని నువ్వు ఎనక నించి ఎనక్కి పరిగెత్తావే, ఒక హవాయి చెప్పు కూడా వదిలేసి, ఆ దిబ్బకే. చెప్పు కోసం చూశా, లేదులే.

మా చిన్నాన్న కొడుక్కి కొత్తపట్నం అవతల చెరువులున్నయ్యి కదా, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ మోటారు కాలిందంటే తోడు పోయా. బండి మీద బకింగ్‌హాం కాలవ దాటతా ఒకటే అనుకున్నా, అసలు దయ్యాలుంటే గింటే ఈ కట్ట మీదుండాల, 1876-78 కరువులో కడుపు మాడిన జనం కూలికి తవ్విన కాలవ, ఒంగోలు మిషనరీ క్లౌ దొర కొన్ని మైళ్ళు కాంట్రాక్టు పట్టి వాళ్ళకి పని చూపించాడని సోషల్ సారు చెప్పేవాడు గుర్తుందా. దీని మీద ఒక్క దయ్యం కథ లేదు. దిబ్బకి మాత్రం లెక్కలేనన్ని.

ఇప్పుడు చుట్టూ చెరువులే మావా. మధ్యలో దిబ్బ ఒక్కటే మిగిలింది, నాలుగు తాడిచెట్లు, కాసింత సరుగుడు, మోకాలెత్తు సిమెంటు అరుగు, దానెనక పాత తుఫాను షెల్టరు, తలుపుల్లేవు, స్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడినయ్యి. 1979 మే 12 తుఫానులో పోయినోళ్ళని ఆ అరుగు కిందే పెట్టారు. మనం చిన్నప్పుడు అంత దగ్గరికి యాడ పోయాం గానీ, దాని మీద పేర్లున్నాయిరా. చెక్కినవి కాదు, పచ్చి సిమెంటు మీద మేకుతో గీసినవి. మొదట్లో పెద్ద పెద్దగా రాసుకుంటా వచ్చి, చోటు చాలక చివరికి చీమల్లా అయిపోయినయ్యి అక్షరాలు. ఉప్పు గాలికి సగం రాలిపోయినయ్యి కూడా. ఆఖర్న 'చంటిది' అని ఉంది, అంతే, ఇంకా పేరు పెట్టి ఉండరు. దాని పక్కన ఎవరో పౌడరు డబ్బా పెట్టారు, తుప్పు పట్టి మూత కూడా రావట్లా.

నేనట్టా వంగి చదవతంటే వినపడింది. గేదె అరుపు. అంబా అని కాదు, గొంతులోనే సాగదీసి ఊఁ... అని. చుట్టుపక్కల గొడ్డనేదే లేదు. మన ఊళ్ళో చెప్పేది అదే కదా, పొద్దుగూకితే ఆ తుఫానులో పోయిన గొడ్లు అరుస్తయ్యని. నిజం చెప్తన్నా మావా, నలభై ఐదేళ్ళోణ్ణి, బీపీ బిళ్ళలు మింగేవాణ్ణి, నాకు కాళ్ళు ఆడలా.

"పైపు అబ్బయ్యా అది" అని ఎనక నించి ఒకావిడ. అవ్వ, డెబ్బై పైనే ఉంటయ్యి, నాలుగు మేకలు తోలుకొచ్చింది. షెల్టరు మీద వాన్నీళ్ళ గొట్టం ఇరిగిపోయి మూతి సముద్రం వైపు తిరిగుందంట, సాయంత్రం గాలి తిరిగేటప్పటికి మోగుద్దంట. వాళ్ళాయన ఒకసారి గుడ్డ కుక్కాడంట. నెల తిరక్కుండా అరుగు నిండా క్వార్టరు సీసాలు, పేకముక్కలు. ఈమే పోయి గుడ్డ పీకేసొచ్చింది. అప్పట్నించి తాగుబోతులు రారు. చెరువులోళ్ళు కూడా లీజుకి అడగరు, కూలోళ్ళు రాత్రిళ్ళు ఆడ కాపలా పడుకోం అంటారంట. ఇదంతా చెప్పి ఆమె నవ్విందిరా, నాకు మాత్రం నవ్వు రాలా, ఎందుకంటే ఆ దిబ్బ కోసం నిరుడు వాకబు చేసినోళ్ళలో మావోడూ ఉన్నాడు.

ఆ అరుగు కింద ఆమె అత్తామామలు, మరిదీ ఉన్నారు. నువ్వు ఎప్పుడూ అంటావే, తుఫానొస్తందని ముందే చెప్తే ఊరొదిలి ఎందుకు పోలేదు అని, నేనూ అదే అడిగా. పోయారంట. 1977 నవంబరులో దివిసీమలో పదివేల మంది దాకా ఉప్పెనకి పోయారు కదా, అది జనం మర్చిపోలేదు, అందుకే రెండేళ్ళ లోపల ఇక్కడికొచ్చినప్పుడు లక్షల మంది ముందే ఊళ్ళొదిలి పోయారు, ఏడొందల మంది దాకా చనిపోయినా దివిసీమంత కాలేదు. వీళ్ళూ లారీ ఎక్కారు. ఎక్కాక మామకి గుర్తొచ్చింది, గొడ్ల పలుపులు విప్పలేదని. ఆయన దిగాడు, నాన్న ఒక్కడే పోతున్నాడని మరిది దిగాడు, ఇద్దరూ రాలేదని అత్త దిగింది. గొడ్లు కూడా దక్కలా. "అరిస్తే అరవనీయిలే, వాటి కోసమేగా పోయింది" అంది.

తిరిగొచ్చేటప్పుడు మావోడు ఏందన్నా డల్‌గా ఉన్నావు, భయపడ్డావా అన్నాడు. బో భయపడ్డా, గేదె అరుపు నా చెవులతో విన్నా, ఆ జోలికి పోబాక అని చెప్పా. అమ్మ మీద ఒట్టు కూడా ఏసా, అమ్మకి చెప్పబాక.

సంక్రాంతికి వస్తావుగా, ఒక పాత చొక్కా తెచ్చుకో. అరుగు ఒక పక్క పగిలింది, సిమెంటు నేను తెస్తా, సున్నం నువ్వు కొట్టు. పేర్ల మీద పడకుండా చూసి కొట్టాల, అసలే సగం కనపడట్లా. పైపు మాత్రం ముట్టుకోబాక.

నీ,
మావ