ఊపిరి ఒక్కటే దారి కాదండి

అందరికీ నమస్తే, మన రాయగడ గ్రూప్‌లో ధ్యానం కుదరట్లేదు అని నిన్నట్నుంచి మెసేజ్‌లు పెడుతున్నారు కదా, కళ్లు మూసుకుని ఊపిరి మీదే ధ్యాస పెట్టి కూర్చోవాలని రూలేం లేదండి. ఊపిరి గమనిస్తుంటే గుండె దడ పెరిగేవాళ్లూ ఉంటారు, అలాంటోళ్లు కళ్లు తెరిచే చుట్టూ వినపడే చప్పుళ్లు వినండి చాలు, రైలు కూత, పక్కింటి కుక్కర్ విజిల్ ఏదైనా సరే. కూర్చోలేనోళ్లు మజ్జిగౌరి గుడి వైపు నెమ్మదిగా నడుస్తూ మడమ ఆనటం, వేళ్లు లేవటం గమనించుకోండి, నాకైతే ఇదే పట్టింది (ఫోన్ మాత్రం ఇంట్లోనే!). నిద్ర పట్టనోళ్లకి పడుకుని కాలివేళ్ల నుంచి తల దాకా ధ్యాస పెట్టే బాడీ స్కాన్, 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ మొదలెట్టిన 8 వారాల ధ్యానం కోర్సులో అదీ ఉంటుంది. మహారాష్ట్రలో ఇగత్‌పురిలో నేర్పే విపశ్యన ధ్యానం గురించి అడిగారు, 10 రోజుల కోర్సు, చివరి రోజు దాకా మౌనం, ఫీజు లేదు గానీ మొదటిసారికే అటు పరిగెత్తకండి. మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఆపొద్దు.