ఈగ మీసంలో పచ్చటి చుక్కలు

బెంగళూరు,
ఆదివారం రాత్రి

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు క్షమించు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. మిగిలిన కబుర్లు మరోసారి రాస్తాను. నిన్న రాత్రి చూసినది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

"ఈగలకు ముక్కు ఉంటుందా?" అని అడిగావు కదా. అరటిపండ్ల మీద ముసిరే ఆ చిన్న ఈగకు తల ముందుండే రెండు పొట్టి మీసాలూ, నోటి పక్కనుండే రెండు బొడిపెలూ కలిసి ముక్కు పని చేస్తాయి. ఒక్కో మీసంలో సుమారు 1,200 వాసన నాడీకణాలు ఉంటాయి. వాసనను పట్టే ప్రొటీన్లైన గ్రాహకాల జన్యువులు సుమారు 60 ప్రతి కణంలోనూ ఉన్నా, సాధారణంగా ఒక్కో కణం వాటిలో ఒకదాన్నే ఎంచుకుని, ఓర్కో అనే తోడు గ్రాహకంతో కలిపి వాడుకుంటుంది. ఇది ఎన్నాళ్ళుగానో చదువుతున్నదే అయినా, నిన్న కళ్ళతో చూశాను.

ఓఆర్22ఏ అనే జన్యువు పనిచేసే కణాల్లో మాత్రమే జెల్లీఫిష్ నుంచి తెచ్చిన పచ్చటి ప్రొటీన్ తయారయ్యేలా రెండు రకాల ఈగలను జతకట్టించి, వాటి పిల్లల్లో ఒకదాన్ని కాన్ఫోకల్ మైక్రోస్కోపు కింద పెట్టాను. చీకటిగా ఉన్న మీసంలో కొన్ని చుక్కలు మాత్రమే వెలిగాయి. వాటి పక్కనున్న కణాలలో ఆ వెలుగు లేనేలేదు. మెదడును చూస్తే, మీసంలో చెదిరి ఉన్న ఆ కణాల తీగలన్నీ దారి తప్పకుండా వచ్చి, అటూ ఇటూ ఒక్కొక్క చిన్న గుండ్రటి ముడిలో చేరి ఉన్నాయి. రాఘవా, నాకు కళ్ళు చెమర్చాయి. పండిన పళ్ళ నుంచి వచ్చే ఈథైల్ బ్యూటిరేట్ వాసనకు గట్టిగా స్పందించే కణాల్లో ఇవీ ఉన్నాయి. గాదె వెనుక గడ్డిలో మాగబెట్టిన రసాల బుట్ట సంగతి బయటపెట్టినది నేను కాదు, ఈగలేనని ఇప్పుడైనా ఒప్పుకో.

అయితే ఏ కణం ఏ జన్యువును తెరవాలో ఎవరు నిర్ణయిస్తారు? ఏసీజే6 అనే ఒక్క నియంత్రక ప్రొటీన్ లోపించినా కొన్ని గ్రాహకాలు అసలు కనిపించకుండా పోతాయి. అలాంటి ప్రొటీన్లు కొన్ని కలిసి నిర్ణయిస్తాయన్నమాట, కానీ ఆ కలయిక... దీని గురించి నీకు విడిగా ఒక ఉత్తరం రాయాలి. పైగా చాలా కణాల్లో వేర్వేరు గ్రాహక కుటుంబాల జన్యువులు కలిసి పనిచేస్తున్నాయని 2022లో వచ్చిన పరిశోధన చూపింది. ఒక కణానికి ఒకే గ్రాహకం అని మేము పాఠంలా నేర్చుకున్న నియమం కూడా కదులుతోంది. అది నాకు ఎంతో సంతోషంగా ఉంది.

అంతలోనే మనసు బరువెక్కింది. ఈ గ్రాహకాల జన్యువులు దొరికినది 1999లో. వాటికి ఎంతో ముందే, 1970లలో ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఒబేద్ సిద్దీఖీ, వెరోనికా రోడ్రిగ్స్ వాసన సరిగా పట్టలేని ఈగలను ఏరి, లోపం ఏ జన్యువులో ఉందో వెతికారు. రోడ్రిగ్స్ 2010లో, సిద్దీఖీ 2013లో వెళ్ళిపోయారు. నిన్నటి ఆ పచ్చటి చుక్కలను వారిద్దరికీ చూపించాలనిపించింది.

ఇంకా నీ రెండో ప్రశ్నకు, అదే దోమల గురించి అడిగినదానికి, జవాబు రాయనేలేదు. గంట మోగింది. గుడ్ల నుంచి కాదు, ప్యూపాల నుంచి కొత్త ఈగలు వస్తున్నాయి. 25 డిగ్రీల వద్ద ఎనిమిది గంటలు దాటకముందే ఆడవాటిని మగవాటి నుంచి విడదీయకపోతే రేపటి జతలన్నీ పాడవుతాయి. వెళ్తున్నాను.

నీ
సుబ్బు