తీర్పరి లేని ప్రపంచ వాణిజ్యం

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచీకరణ కాలం ముగిసిందన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. నాకు అది నిజమనిపించదు. సరుకుల రాకపోకలు ఆగలేదు; వాటిని దేశాలు వాడుకుంటున్న తీరే మారింది. వాణిజ్యబంధం బలపడితే యుద్ధభయం తగ్గుతుందన్న నమ్మకంతో జర్మనీ దశాబ్దాల పాటు రష్యా నుంచి సహజవాయువు కొన్నది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తాక ఆ వాయువే బెదిరింపు సాధనమైంది. అటు పాశ్చాత్య దేశాలు రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 30,000 కోట్ల డాలర్ల నిల్వలను స్తంభింపజేశాయి. అదే ఏడాది అక్టోబరులో అమెరికా అధునాతన చిప్‌లూ, వాటిని తయారుచేసే యంత్రాలూ చైనాకు అందకుండా ఆంక్షలు విధించగా, అరుదైన ఖనిజాల శుద్ధిలో తిరుగులేని చైనా 2025 ఏప్రిల్‌లో వాటిలో ఏడింటి ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది.

బిగించడానికి ఏదో ఒక పట్టు ఉన్న దేశాల సంగతి ఇది. అటువంటిదేమీ లేని చిన్న దేశాలకు నిబంధనలే ఆసరా. దేశాల మధ్య వాణిజ్య వివాదాల్లో తుది తీర్పు చెప్పి వాటిని నిలబెట్టవలసిన ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు మండలి మాత్రం 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. ఏడుగురు ఉండవలసిన ఆ మండలిలో నియామకాలను అమెరికా అడ్డుకుంటూ రావడంతో, ఒక కేసు వినడానికి కావలసిన ముగ్గురు సభ్యులు కూడా మిగలలేదు. ఇప్పుడు ఆ సంస్థ తొలి విచారణలో ఓడిన దేశం అప్పీలు చేస్తే చాలు, తీర్పు అటకెక్కినట్లే. నికెల్ ఖనిజం ఎగుమతి నిషేధం కేసులో 2022లో ఓడిన ఇండొనేషియా ఆ పనే చేసింది. చక్కెర సబ్సిడీల కేసులో భారత్ అంతకుముందే ఆ దారి తొక్కింది.

మండలి తన అధికార పరిధి దాటుతోందనీ, 90 రోజుల గడువు పాటించడం లేదనీ అమెరికా చేసిన ఫిర్యాదులో కొంత నిజం లేకపోలేదు. (ఈ పేచీ ట్రంప్‌తో మొదలైందని చాలామంది అనుకుంటారు గానీ, ఒబామా హయాంలోనే ఒక సభ్యుడి పునర్నియామకాన్ని అమెరికా అడ్డుకుంది.) అయితే ఆ లోపాలకు మందు సంస్కరణే గాని, న్యాయపీఠాన్ని ఖాళీగా ఉంచడం కాదు. 2020లో ఐరోపా సమాఖ్య, చైనా తదితరులు తాత్కాలిక అప్పీలు ఏర్పాటు ఒకటి చేసుకున్నారు. అమెరికా, భారత్ అందులో చేరలేదు.

బ్రిక్స్ విస్తరణ మీదా, భద్రతా మండలి స్థానాల మీదా పత్రికలు పేజీలు కేటాయిస్తున్నాయి. ఆ తాత్కాలిక ఏర్పాటులో భారత్ ఎందుకు చేరలేదో, చేరితే వచ్చే లాభనష్టాలేమిటో కూడా వాణిజ్య నిపుణులతో రాయించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు