ముక్కుకు ఆపరేషన్ సరే, మనసును చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ముక్కు సరిచేస్తాం, గడ్డం చెక్కుతాం అనే ప్రకటనలు ఇప్పుడు కర్నూలు పిల్లల ఫోన్లలోకీ వచ్చి పడుతున్నాయి. ఈ ఆపరేషన్లకు నేను వ్యతిరేకిని కాను. గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లలకు, ప్రమాదంలో దవడ విరిగినవాళ్లకు ప్లాస్టిక్ సర్జన్లు చేస్తున్న మేలు అంతా ఇంతా కాదు. కానీ అందం కోసం వచ్చేవాళ్ల మానసిక స్థితిని ముందుగా పరీక్షించకపోవడం చాలా తప్పు.

మా అక్క కొడుక్కి ముక్కు వంకరగా ఉందని బెంగ. మాకెవరికీ ఆ వంకర కనపడదు. వాడు మాత్రం బండి అద్దంలో, షాపుల గాజు తలుపుల్లో, ఫోన్ కెమెరాలో పొద్దస్తమానం అదే చూసుకునేవాడు. పెళ్లిళ్లకు రావడం మానేశాడు. చివరికి అక్క నగలు కుదువపెట్టి హైదరాబాదులో ఆపరేషన్ చేయించింది. అక్కడ బీపీ, షుగరు, ఈసీజీ అన్నీ చూశారు. ఈ బెంగ ఎన్నాళ్లుగా ఉంది, రోజుకు ఎంతసేపు అద్దం ముందు ఉంటావు, కాలేజీకి సరిగ్గా పోతున్నావా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. వాపు తగ్గిందో లేదో, ముక్కు మొన బాగోలేదని మళ్లీ మొదలుపెట్టాడు.

తర్వాత మానసిక వైద్యుడు చెబితే తెలిసింది, ఇది బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అని, అంటే ఒంట్లో లేని లోపమో, ఉన్నా కనపడనంత చిన్న లోపమో పెద్దదిగా తోచి అదే బెంగ పట్టుకునే మానసిక జబ్బు అని. 1891లోనే ఇటలీ వైద్యుడు మోర్సెల్లి దీని గురించి రాశారు. మామూలు జనంలో నూటికి ఇద్దరిలో ఉండే ఈ జబ్బు, అందం కోసం ఆపరేషన్‌కు వచ్చేవాళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. కత్తితో ఇది తగ్గడం అరుదు. ఒక చోట సరిచేస్తే బెంగ ఇంకో చోటికి పోతుంది. కొందరు ప్రాణం తీసుకునే ఆలోచన దాకా వెళ్తారు. మందులు, పద్ధతి ప్రకారం చేసే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తాయి.

ఆస్ట్రేలియాలో 2023 జులై 1 నుంచి కాస్మెటిక్ సర్జరీకి ముందు ఈ జబ్బు ఉందేమో ప్రశ్నావళితో చూడాల్సిందే. ఒప్పుకున్నాక కూడా కనీసం ఏడు రోజులు ఆగాలి. మన రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ కూడా ఇలాంటి నిబంధన పెట్టాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు, నాలుగు ప్రశ్నల కాగితం చాలు. అనుమానం వచ్చినవాళ్లను కర్నూలు సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి పంపొచ్చు. 'నాకేమైనా పిచ్చా?' అని పిల్లలు కోప్పడతారు, నిజమే. అందుకే ఈ మాట ఇంట్లోవాళ్లు కాకుండా సర్జనే చెప్పాలి, ఆయన మాటైతే వింటారు.

ఈలోగా తల్లిదండ్రులు అడ్వాన్స్ కట్టకముందే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

– ఒక అధ్యాపకురాలు, కర్నూలు