మల్లేశ్‌కి, సిరొంచ నుంచి

ప్రియమైన మల్లేశ్,

నీ ఉత్తరం ముట్టింది. తోకచుక్క గురించి అడిగావు కాబట్టి ముందు దాని సంగతి చెప్పేస్తా. 2025 జులై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోపుకు చిక్కింది, అందుకే 3ఐ/అట్లాస్ అన్నారు. మన సూర్యకుటుంబం బయటి నుంచి వచ్చి మనిషి కంటబడ్డవాటిలో మూడోది. 2017లో ఔమువామువా, 2019లో బోరిసోవ్ వచ్చాయి. ఇది అక్టోబరు చివర్లో సూర్యుడికి దగ్గరగా వచ్చి వెనుదిరిగింది, ఇక మళ్ళీ రాదు. గ్రహాంతరవాసుల ఓడ అని నీ ఫోనుకు వచ్చిన వీడియోను నమ్మకు. వాయువూ దుమ్మూ వదులుకుంటూ తోకచుక్క పోయినట్టే పోయింది.

నేను ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణం వేరే. చెల్లెకు అహేరి అత్తమ్మ కొడుకుతో సంబంధం ఖాయం చేసుకుంటున్నామని రాశావు. మంచి పిల్లాడు, నాకు చాలా సంతోషం. అయితే లగ్గం పెట్టుకునేలోపు ఇద్దరికీ సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు పరీక్ష చేయించు. ఇది ఆదివాసుల జబ్బు, మనకు రాదు అని మీ నాయన అనొచ్చు. మన గడ్చిరోలి జిల్లాలో మాడియా, గోండు ఇళ్ళలో ఉన్నమాట నిజమే. కానీ విదర్భలో ఎస్సీ, ఓబీసీ కులాల్లోనూ ఇది కనబడింది. పైగా మేనరికం. ఒకే ఇంటి రక్తంలో ఉన్న లోపం ఇద్దరికీ వచ్చి ఉండే అవకాశం ఎక్కువ.

మా బడిలో ఏడో తరగతి చదివే పిల్ల ఒకతి ఉంది. చలికాలం వస్తే చాలు, కాళ్ళ నొప్పులతో మంచం పడుతుంది. ఇంట్లోవాళ్ళు వాతమనుకున్నారు. ఒక దవాఖానాలో రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలిచ్చి పంపేశారు. సికిల్ సెల్ అని తేలేసరికి ఆ పిల్ల చదువు సగం పోయింది. ఆమె ఖాళీ జాగా చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

మల్లేశ్, అంత బాధకూ మూలం జన్యువులో ఒక్క అక్షరం మారడం. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో ఒకచోట గ్లుటామిక్ ఆమ్లం అనే ముక్క ఉండాల్సింది పోయి వాలీన్ అనే వేరే ముక్క వస్తుంది. దాన్ని వెర్నాన్ ఇంగ్రామ్ అనే శాస్త్రవేత్త 1957లోనే కనిపెట్టాడు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ పోగులు కట్టి ఎర్రకణాన్ని కొడవలిలా వంచుతుంది. వంగిన కణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుంటే ప్రాణం తోడేసే నొప్పి. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే జబ్బు. ఒకవైపు నుంచే వస్తే మనిషి గట్టిగానే ఉంటాడు, తనలో ఉన్నట్టు కూడా తెలియదు. అలాంటివాళ్ళు ఇద్దరు పెళ్ళి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ముప్పు. ఒక బిడ్డకు వచ్చింది కదా, ఇక మిగతావాళ్ళకు రాదు అనుకోవడానికి లేదు. ప్రతి కాన్పుకూ అదే లెక్క.

మన అడవుల్లోనే ఇది ఎందుకు ఇంతగా నిలిచింది? మలేరియా వల్ల. ఒకవైపు నుంచే లోపం వచ్చినవాళ్ళను మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. తూర్పు ఆఫ్రికాలో ఆంథనీ అల్లిసన్ 1954లో దీన్ని రుజువు చేశాడు. రక్తపు జబ్బులకూ మలేరియాకూ ఇలాంటి లంకె ఉండొచ్చని అంతకుముందే, 1949లో, జె.బి.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఊహించాడు. ఆయన 1957లో మన దేశానికి వచ్చి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. మన ప్రాణహిత-గోదావరి లోయలో తవ్వితీసిన బరపాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం నిలబెట్టి ఉన్నది ఆ సంస్థలోనే! 1964లో భువనేశ్వర్‌లో పోయినప్పుడు ఆయన దేహం ఆయన కోరిక ప్రకారం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఈ సంగతి తెలిసిన రోజు నుంచీ ఆయన నాకు మన మనిషిలాగే అనిపిస్తాడు.

ఇప్పుడు కొత్త కబురు. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా సికిల్ సెల్‌కు కాస్జెవీ అనే చికిత్సకు అనుమతిచ్చాయి. క్రిస్పర్ అనే పనిముట్టుతో జన్యువును సవరించే చికిత్సల్లో అనుమతి పొందిన మొట్టమొదటిది ఇదే. క్రిస్పర్ పుట్టుక ఇంకా విచిత్రం. స్పెయిన్‌లో ఉప్పుమడుల సూక్ష్మజీవులను చూస్తున్న ఫ్రాన్సిస్కో మోహికాకు వాటి డీఎన్‌ఏలో ఒకే వరుస పదే పదే కనబడింది. తర్వాత తెలిసింది, అది వైరస్‌లను గుర్తుపట్టి నరికే ఏర్పాటని. దాన్నే కావలసినచోట జన్యువును కత్తిరించే పనిముట్టుగా మలిచి షార్పెంటియే, డౌడ్నా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2020లో నోబెల్ అందుకున్నారు.

ఈ చికిత్స చేసే తీరు నాకు చాలా నచ్చింది. చెడిన అక్షరం జోలికే పోదు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది, అది వంగదు. పుట్టాక కొన్ని నెలలకు శరీరం దాన్ని ఆపేస్తుంది. రక్తాన్ని తయారుచేసే రోగి మూలకణాలు బయటికి తీసి, ఆ ఆపే జన్యువు పట్టు సడలించి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. పరీక్షలో ఏడాదికి పైగా గమనించిన 31 మందిలో 29 మందికి కనీసం పన్నెండు నెలలపాటు తీవ్రమైన నొప్పులు రాలేదు. అయితే ముందు గట్టి కీమో మందులతో ఎముకల్లోని పాత మజ్జను ఖాళీ చేయాలి. ధర 22 లక్షల డాలర్లు, అంటే పద్దెనిమిది కోట్ల పైమాటే. మన తాలూకాలో ఎవరు తట్టుకుంటారు? ఢిల్లీలోని ఐజీఐబీ అనే జన్యు పరిశోధన సంస్థ చవకలో అందించాలని సొంతంగా ఒక చికిత్స తయారుచేస్తోంది. బిర్సా ముండా పేరు మీద దానికి బిర్సా 101 అని పేరు పెట్టారు. అది మన పక్క దవాఖానాదాకా రావాలని నేను రోజూ కోరుకుంటున్నా.

అయితే అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. హైడ్రాక్సీయూరియా అనే పాత గోళీ ఉంది. అది కూడా ఆ చిన్ననాటి హిమోగ్లోబిన్‌నే పెంచుతుంది. కోట్ల చికిత్స పట్టిన దారినే ఇదీ పోతుంది, బలం తక్కువ, అంతే. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకుంటూ డాక్టరు చెప్పినట్టు వాడితే నొప్పులు బాగా తగ్గుతాయి. మా బడి పిల్ల ఇప్పుడు అదే వాడుతోంది, బడికి రావడం పెరిగింది. 2023 జులై 1న మొదలైన సికిల్ సెల్ జాతీయ మిషన్ ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకుంది. వేలి మీద చిన్న పోటు, ఒక్క చుక్క రక్తం చాలు. అనుమానం వస్తే ఇంకో పరీక్షతో ఖాయం చేస్తారు.

అన్నట్టు, ఇదే క్రిస్పర్ వరిలోకీ వచ్చింది. హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరిలో ఒక జన్యువును ఆపేసి కమల అనే రకం తెచ్చింది. 2025 మే నెలలో ప్రకటించారు. గింజలు ఎక్కువ, కోత దాదాపు ఇరవై రోజులు ముందే అంటున్నారు. మీ నాయన వేసే టెన్ టెన్‌ను కూడా ఢిల్లీలో సవరించి, చౌడుకూ కరువుకూ తట్టుకునేలా పూసా డీఎస్‌టీ 1 చేశారు. ఈ వరి రకాల పొలం పరీక్షల లెక్కల మీద కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ లెక్కలన్నీ బయట పెట్టాలన్నదే నా మాట కూడా. రైతు పొలం పణంగా పెట్టేది వాటిని చూసే కదా.

చెల్లె పండుగకు ఇక్కడికి వస్తే నేనే వెంట తీసుకుపోయి పరీక్ష చేయిస్తా. బావతో మాత్రం నువ్వే మాట్లాడు, పిల్లాడి వాళ్ళను అడగడానికి మీ నాయన మొహమాటపడతాడు. ఇద్దరిలో ఒక్కరికే ఈ లోపం ఉండి, రెండోవాళ్ళకు తలసేమియా లాంటి వేరే రక్తపు లోపం కూడా లేకపోతే పిల్లలకు జబ్బు రాదు, నిశ్చింతగా లగ్గం పెట్టుకోండి. ఇద్దరికీ ఉంటే కంగారుపడకు, ఎవరినీ తప్పుపట్టకు. గర్భం తొలి నెలల్లోనే బిడ్డకు పరీక్ష చేసే వీలుంది, డాక్టరు దగ్గర కూర్చుని అన్నీ మాట్లాడుకోవచ్చు. అమ్మకు నేను అడిగానని చెప్పు. రిపోర్టులు రాగానే ఫోటో తీసి పంపు.

నీ
రవి