పళ్ల సెట్టు ఇచ్చి శిబిరం ఎత్తేస్తే ఎలా?

సంపాదకుడికి,

అక్టోబరు 1, వృద్ధుల దినోత్సవం దగ్గరపడితే ఉచిత కట్టుడు పళ్ల శిబిరాల బ్యానర్లు లేస్తాయి. మంచిదే. కానీ సెట్టు చేతిలో పెట్టి, ఫొటో దిగి శిబిరం ఎత్తేశాక ఎన్నో ఇళ్లలో ఆ పళ్లు బీరువాలో స్టీలు డబ్బా పాలవుతున్నాయి. గుచ్చుతోందని కొందరు, కిందిది ఊడొస్తోందని కొందరు తీసేస్తారు. చాలావరకు పావుగంట పనితో సరిపోయే లోపాలే. ఆ పావుగంటకు ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పేవారే లేరు.

కొత్త సెట్టు అంచు ఎక్కడో ఓచోట చిగురును ఒరుసుకోవడం మామూలే. ఎర్రబడిన చోటు చూసి, అక్కడ తగిలే అంచును డాక్టరు కాస్త అరగదీయాలి. నొప్పి అని నాలుగు రోజులు తీసి పక్కన పెట్టి వస్తే ఈలోగా పుండు మానిపోతుంది, ఎక్కడ అరగదీయాలో తెలియదు. అందుకే వచ్చే ముందురోజు కొన్ని గంటలైనా పెట్టుకుని రావాలి. ఇంట్లో గరుకు కాగితంతో, బ్లేడుతో గీకితే అంచు తగ్గి గాలి దూరుతుంది, ఇక పట్టు ఉండదు. విరిగిన సెట్టును ఇన్‌స్టంట్ జిగురుతో అతికించడం ఇంకో పొరపాటు. ముక్క వెంట్రుకవాసి పక్కకు జరిగి అతుక్కున్నా నోట్లో కూర్చోదు, ల్యాబులో బాగుచేయడమూ కష్టమవుతుంది. ముక్కలన్నీ పోగేసి తెచ్చివ్వండి, చాలు.

పై సెట్టు అంగిలంతా పరుచుకుని, పల్చటి ఉమ్మి పొరతో అంటిపెట్టుకుని ఉంటుంది. కిందిదానికి అంత చోటు లేదు, పైగా నాలుక తోస్తుంటుంది. కొద్దిపాటి కదలిక సహజమని ముందే చెబితే పెద్దలు నిరాశపడరు. మొదటి వారం ఇడ్లీ, మెత్తటి పప్పన్నం చిన్న ముద్దలుగా, రెండు వైపులా సమంగా నమలాలి. జంతికలు, చెరుకు ముందు పళ్లతో కొరికితే సెట్టు వెనకభాగం లేస్తుంది. మాట తిరగకపోతే రోజూ మీ పత్రికనే ఓ పేజీ పైకి చదివితే సరి!

శుభ్రం దగ్గర తప్పులు ఎక్కువ. పళ్లపొడి, పేస్టు, ఉప్పు, బొగ్గు ఆ ప్లాస్టిక్‌పై సన్నని గీతలు పెడతాయి. ఆ గీతల్లోనే పాచి, ఫంగస్ చేరతాయి. మెత్తటి బ్రష్షు, కాస్త గిన్నెలు తోమే ద్రవం లేదా మామూలు సబ్బు చాలు. తర్వాత బాగా కడగాలి. కింద నీళ్లు నింపిన బేసిన్ పెట్టుకుని తోమితే చేతి నుంచి జారినా పగలదు. మరిగే నీళ్లు పోస్తే ఆకారం వంకరపోతుంది. రాత్రి తీసి మామూలు నీళ్లలో వేయాలి, ఆరిపోతే రూపం మారుతుంది. రాత్రంతా నోట్లోనే ఉంటే అంగిలి ఎర్రగా కంది ఫంగస్ పుట్టే అవకాశం ఎక్కువ. ఒకటి రెండు పళ్ల చిన్న సెట్టయితే నిద్రలో గొంతులోకి జారే ప్రమాదమూ ఉంది. పళ్లు లేని చిగుళ్లనూ, నాలుకనూ పొద్దున తడిగుడ్డతో తుడవాలి.

పళ్లు తీయించుకున్న మొదటి ఏడాది దవడ ఎముక త్వరగా అరుగుతుంది. అప్పుడు సెట్టు వదులవడం పళ్ల తప్పు కాదు, లోపలివైపు కొత్త పొర వేయించాలి. ల్యాబు భాషలో రీలైనింగ్ అంటాం. వదులైంది కదా అని రోజూ జిగురుక్రీము మందంగా పూయడం దానికి విరుగుడు కాదు.

కొలతలు, మైనపు అచ్చు, పళ్ల అమరిక సరిచూడటం కలిపి పూర్తి సెట్టుకు మామూలుగా ఐదు విడతల పని. ఒక్కరోజులో కానిచ్చేసి లెక్క చూపడం ఎవరి కోసం? కర్ణాటకలో దంతభాగ్య పథకం పేదలకు ఉచితంగా పళ్లు కట్టిస్తోంది. మన దగ్గరా ప్రభుత్వ దంత కళాశాలలూ, జిల్లా ఆసుపత్రులూ పూనుకోవచ్చు. శిబిరం అనుమతికి మూడు షరతులు పెట్టమని ఆరోగ్యశాఖను కోరుతున్నాం. మర్నాడు, వారానికి, నెలకు తిరిగి చూసే తేదీలు చీటీ మీద రాసివ్వాలి. పెద్ద అక్షరాల తెలుగు సూచనల కాగితం, మూతగల డబ్బా, బ్రష్షు సెట్టుతోపాటే ఇవ్వాలి. ప్రతి సెట్టు లోపలివైపు పేరు రాసిన సన్నటి చీటీ పెట్టి, పైన పారదర్శక పొర వేయాలి. వృద్ధాశ్రమాల్లో గ్లాసులన్నీ ఒకేచోట కడిగి బోర్లించాక ఎవరి పళ్లు ఎవరివో తేల్చేది ఆ చీటీ ఒక్కటే.

ఇట్లు,
కట్టుడు పళ్ల పనిలో ఉన్న కొందరు దంతవైద్యులు, ల్యాబ్ టెక్నీషియన్లు
రాజమహేంద్రవరం