పాస్ దాటే రోజు: వెనుదిరిగే వేళ ముందురాత్రే తేల్చుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

వేసవి వస్తే మన ఊళ్ల నుంచి మిత్ర బృందాలు మనాలి దారి పడుతున్నాయి. అక్కడి నుంచి హంప్టా పాస్ (కొండ కనుమ) దాటి అవతలి లాహుల్ లోయలో దిగడం చాలామందికి మొదటి హిమాలయ నడక. ప్రయాణ వ్యాసాల్లో మంచు, పూలు, చంద్రతాల్ సరస్సు అన్నీ ఉంటాయి. పాస్ దాటే ఆ ఒక్క రోజు ఎన్ని గంటలకు బయల్దేరాలో, ఎన్నింటికి వెనుదిరగాలో మాత్రం ఉండదు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు ఎత్తుల లెక్క చూడండి. మనాలి దాదాపు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. తూర్పు కనుమల్లో మనకున్న అతి ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు. జోబ్రా దాకా జీపులో వెళ్లి నడక మొదలుపెడితే మొదటి మకాం చికా సుమారు 3,100, రెండోది బాలూ కా ఘేరా సుమారు 3,600, మూడో రోజు పాస్ 4,270, అదే సాయంత్రం అవతలి మకాం షియాగోరు సుమారు 3,900. ఈ ఆఖరి అంకెనే ఎవరూ పట్టించుకోరు. తలనొప్పితో మూలుగుతున్న స్నేహితుణ్ణి "ఈ ఒక్కటీ దాటితే ఇక దిగుడే కదరా" అని బుజ్జగించి లేవదీస్తారు. షియాగోరు బాలూ కా ఘేరా కన్నా 300 మీటర్లు పైనే ఉంది. అంటే ఒంట్లో బాగాలేని మనిషిని మరో 670 మీటర్లు ఎక్కించి, నిన్నటికన్నా ఎత్తులో పడుకోబెడుతున్నారన్నమాట. అతను వెళ్లాల్సింది వెనక్కి, చికా వైపు. ఒంటరిగా కాదు, ఒక గైడు, ఒక మిత్రుడు తోడుండాలి.

4,270 మీటర్ల మీద గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరి ఒత్తిడిలో 60 శాతమే. గాలిలో ప్రాణవాయువు పాలు మారదు గానీ, ఒక్కో శ్వాసకు లోపలికి చేరేది ఆ మేరకు తగ్గుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఆగకుండా ఎక్కే కాళ్లు కూడా ఇక్కడ గంటకు 150 నుంచి 200 మీటర్ల ఎత్తు ఎక్కితే గొప్పే. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడక వచ్చే ఈ జబ్బుకు వయసు, కండబలం అడ్డు కావు. దానికి మందు ఒంటిని అలవాటు చేయడమే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. ఢిల్లీ నుంచి రాత్రి బస్సులో వచ్చి తెల్లారి జోబ్రా ఎక్కేవాళ్లు ఒంటికి అలవాటు పడే వ్యవధే ఇవ్వడం లేదు. మనాలిలో కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఆగాలి.

ఈ జబ్బు రాకుండా కొందరు డాక్టరు సలహాతో ఎసిటజోలమైడ్ అనే మందు వేసుకుంటారు. 125 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఎక్కడానికి ముందు రోజు నుంచి వాడడం మామూలు. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి.

బాలూ కా ఘేరాలో రాత్రి భోజనాల వేళ ప్రతి ఒక్కరినీ అడగాలి: తలనొప్పి ఉందా, వాంతి వచ్చేట్టుందా, అన్నం సయించిందా? తెల్లారి లేచాక మళ్లీ అవే ప్రశ్నలు. పారాసిటమాల్ వేసుకున్నా తగ్గని తలనొప్పి ఉంటే ఆ మనిషికి పాస్ లేదు. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడిచినట్టు పది అడుగులు వేయమనండి. తూలిపోతే, మాట తడబడితే మెదడుకు నీరు పడుతోందని అనుమానించాలి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, దగ్గు ఆగకపోతే ఊపిరితిత్తుల్లో నీరు. ఈ రెండింట్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా, రాత్రయినా సరే దించేయాలి. వేలికి పెట్టి రక్తంలో ప్రాణవాయువు చూసే ఆక్సిమీటరు అంకె బాగానే ఉందని లక్షణాలను కొట్టిపారేయడం పెద్ద పొరపాటు.

ఇక ఆ రోజు సంగతి. ఉదయం 5 గంటలకు నడక మొదలవ్వాలి, అంటే 3:30కి లేవాలి. రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున కాలికి గట్టిగా దొరుకుతుంది. ఎండెక్కాక మెత్తబడి మోకాలి దాకా దిగిపోతుంది, అడుగడుగునా కాలు పీక్కోవడానికే సత్తువంతా పోతుంది. మధ్యాహ్నానికి మబ్బు దిగుతుంది, పొగమంచులో పాస్ ఏదో పక్క గట్టు ఏదో తెలియదు. 670 మీటర్ల ఎక్కుడుకు నాలుగైదు గంటలు పడుతుంది. కాబట్టి 11 గంటలకల్లా పాస్ మీద లేకపోతే వెనక్కి తిరగాలి. ఈ మాట ముందురాత్రే అందరూ కూర్చుని ఒప్పుకోవాలి. పైన, గమ్యం కంటికి కనిపిస్తుంటే, ఎవరికీ ఒప్పుకోబుద్ధి కాదు.

నెమ్మదిగా నడిచేవాళ్లను గైడు వెనకే పెట్టండి, వాళ్ల నడకే అందరి నడక. చురుకైనవాళ్లు ముందుకు పోయి అరగంట ఎదురుచూస్తే చెమట ఆరి చలి పట్టుకుంటుంది. వెనకబడినవాళ్లు చేరగానే ముందువాళ్లు లేస్తారు, అలిసినవాళ్లకు విశ్రాంతే ఉండదు. అందరికన్నా వెనక రెండో గైడు తప్పనిసరి.

జూన్‌లో పాస్ వాలు చాలావరకు మంచే. బూటు మొనతో రెండుసార్లు తన్ని గుంట చేసుకుని ఎక్కాలి, దిగేటప్పుడు మడమ గుచ్చుతూ నిటారుగా నిలబడి దిగాలి. భయంతో వెనక్కి వాలితేనే కాలు జారుతుంది. పెద్ద బండల అంచున మంచు మీద కాలు వేయకండి. రాయి వేడికి కింద డొల్లగా ఉంటుంది, తొడ దాకా దిగబడి మోకాలు మెలిపడుతుంది. షియాగోరు వైపు దిగుడు నిటారుగా ఉంటుంది. సరదాగా కూర్చుని జారాలనుకునేవాళ్లు అడుగున రాళ్లు లేవని గైడు చెబితేనే, బూట్ల స్పైకులు విప్పేశాకే జారాలి. స్పైకు మంచులో పట్టుకుంటే చీలమండ విరుగుతుంది. ఆగస్టుకు మంచు చాలావరకు కరిగి బండలు తేలతాయి. అప్పుడు వానే శత్రువు.

జీన్స్ ప్యాంటు, నూలు బనియను వద్దు. తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. ఆరిపోయే సింథటిక్ లోపలి బట్ట, పైన ఫ్లీసు, ఆ పైన గాలివాన ఆపే జాకెట్. రెండు జతల చేతి తొడుగులు కావాలి, ఒకటి తడవడం ఖాయం. నల్ల కళ్లద్దాలు మబ్బు పట్టినా తీయకూడదు. కొత్త మంచు తన మీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా పైకి కొడుతుంది. కళ్లు మండడం అప్పుడే తెలియదు, ఆరు గంటలు పోయాక రాత్రి టెంటులో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. తలా మూడు లీటర్ల నీళ్లు, అందులో ఒక లీటరు ఓఆర్‌ఎస్. పల్లీ పట్టీ, ఖర్జూరం జేబులోనే ఉండాలి, సంచి దించి తీసుకోవాలంటే ఎవరూ తినరు.

షియాగోరు దగ్గరి నాలాను (కొండవాగును) ఆ సాయంత్రం దాటకండి. పగటి ఎండకు కరిగిన నీరంతా సాయంత్రానికి పోటెత్తుతుంది, మర్నాడు పొద్దున తగ్గుతుంది. సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పి, చెప్పులు పట్టీతో బిగించి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని, ప్రవాహానికి ఎదురు తిరిగి పక్క అడుగులతో దాటాలి. వట్టి కాళ్లతో వద్దు. 2014 జూన్ 8న ఇదే హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో, బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అది డ్యాము వదిలిన నీరు, ఇది ఎండకు కరిగే నీరు. నిమిషాల్లో పెరిగే కొండ ఏరు మనకు అలవాటైన ఏరులాంటిది కాదని తెలియడానికి అంతకన్నా చేదు ఉదాహరణ ఉండదు.

నడక ముగిసే ఛత్రూలో రోడ్డు ఎక్కాక పరిస్థితి మునుపటికన్నా నయం. 2020 అక్టోబరులో ప్రారంభమైన అటల్ సొరంగం వల్ల, జబ్బుపడినవాళ్లను 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ మళ్లీ ఎక్కించకుండానే మనాలి చేర్చవచ్చు. అయితే ఛత్రూ దాకా మోయాల్సింది మనుషులే. ఫోను సిగ్నలు ఉండదు.

అందుకే మీకు మా విన్నపం. ఇలాంటి నడక గురించి వ్యాసం వేసినప్పుడు ఖర్చు, విమానం వివరాల పక్కనే ఒక చిన్న పట్టిక ఇవ్వండి: ప్రతి రాత్రి మకాం ఎంత ఎత్తులో, పాస్ రోజు బయల్దేరే వేళ, వెనుదిరిగే వేళ, జబ్బు చేస్తే ఏ వైపు దిగాలి. డబ్బు కట్టే ముందు నిర్వాహకులను పాఠకులు ఈ నాలుగూ అడుగుతారు. ఆక్సిజన్ సిలిండరు ఎన్ని లీటర్లది, ఎంతమందికి ఒక గైడు అనే రెండు ప్రశ్నలు కూడా చేరిస్తే ఇంకా మేలు.

ఇట్లు,
హిమాలయ నడకల్లో అనుభవమున్న కొందరు మిత్రులు,
హైదరాబాద్